పదేళ్ల జొన్నలు ఒకే కుప్ప

పోయిన వారం అనంతమ్మను నారింజ వాగు ఒడ్డున ఉన్న ఖండసారి చక్కెర మిల్లు గేటు దగ్గర వదిలి వచ్చాం. నెత్తిన జొన్నల మూట, కడుపులో మంట. గేటు బయట బొంబాయి రోడ్డు దాకా చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. పొద్దున్నుంచి ఒక్క బండినీ కాంటా ఎక్కించలేదు. షేర్ల కాగితం మీద వేలిముద్ర పడ్డాకే చెరకు తూస్తామని కంపెనీ హుకుం. నరికిన చెరకు ఎండలో ఎండుతుంటే రైతు ఎంతసేపు నిలబడగలడో ఆ హుకుం ఇచ్చినవాడికి బాగా తెలుసు. తెలిసే ఇచ్చాడు.

ఈ షేర్ల గొడవేమిటో మరిచినవాళ్లకు మళ్లీ చెప్తాను, చెప్పిన కొద్దీ నాకు ఒళ్లు మండుతుందిగానీ. పధ్నాలుగేళ్ల కిందట ఈ మిల్లు కట్టడానికి మొగుడంపల్లి దిక్కు అరవై ఇళ్లవాళ్లు భూములిచ్చారు. చేతిలో డబ్బు పెట్టాల్సిన జగన్‌మోహన్ పటేల్ షేర్ల కాగితాలు పెట్టి, "మిల్లు మీది, నేను కావలోణ్ణి" అన్నాడు. ఇప్పుడు, ఎనభై మూడు డిసెంబరులో, ఆ కావలివాడు షేర్లన్నీ తిరిగి కొంటానంటున్నాడు. షేరుకు పధ్నాలుగు రూపాయలు. ఈ సాయంత్రం అయిదింటితో గడువు సరి. బొంబాయి కంపెనీ ఒకటి మిల్లును తీసుకోబోతున్నదని జహీరాబాద్ చాయ్ హోటళ్లన్నింటికీ తెలుసు. ఎంతకు తీసుకుంటున్నదో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ పధ్నాలుగు లెక్క కట్టినవాడు మిల్లు అకౌంటెంట్ సదాశివ. అనంతమ్మకు సొంత తమ్ముడు.

మూడెకరాలకు బదులు అనంతమ్మ ఇంటికి వచ్చినవి అయిదు వందల షేర్లు. భర్త పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి అదే. రెండు వారాలుగా ఆమె ఊరికే కూర్చోలేదు. ఏటేటా కంపెనీ పంపిన ఇంగ్లీషు రిపోర్టు పుస్తకాలు పదింటినీ బడిపంతులు పీటర్ సారుతో చదివించుకుని, ఏ ఏడు ఎంత లాభమో నోటికి పట్టుకుంది. గంజి అనే గింజల బజారులో అడ్తి వ్యాపారి బసవరాజ్ దుకాణానికి పోయి, ఆ పదేళ్లలో జొన్నల ధర ఏ ఏడు ఎంతో అడిగి తెలుసుకుంది. ఇక అడగాల్సింది తమ్ముణ్ణే.

మీటింగ్ హాలు అని పేరేగానీ అది బెల్లం గోదాము. నిన్ననే ఊడ్చి జంపఖానా పరిచారు. ఒక మూల ఇంకా ఈగలు ముసురుతూనే ఉన్నాయి. అరవై ఇళ్లవాళ్లూ నేల మీద కూర్చున్నారు. ఎదురుగా బల్ల, బల్ల వెనక రెండు కుర్చీలు. ఒకదాంట్లో జగన్‌మోహన్ పటేల్, రెండోదాంట్లో సదాశివ. సదాశివ ముందు షేర్ల రిజిస్టరు, స్టాంపు ప్యాడు. ముందు వరుసలో ఉన్న ఎంకయ్య లేచి పోయి బొటనవేలు ప్యాడు మీద ఆనించాడు కూడా. అతని బండి మూడో నంబరు. ఇంట్లో పెద్దెద్దు జబ్బుతో పడుకుని ఉంది, ఆయన తొందర ఆయనది.

అనంతమ్మ నడిచి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఎంకన్నా, జర ఆగు. గడువు అయిదింటిదాక ఉన్నది. నీ వేలు ఏడికి పోదు."

సదాశివ తలెత్తాడు. "అక్కా, గిది కంపెనీ పని. నడుమల రాకు."

"నడుమల నేను రాలేదురా. నా మూడెకరాలు వచ్చినయ్. నువ్వు కూసున్న కుర్సీ కింద ఉన్నయ్, చూస్కో."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జగన్‌మోహన్ పటేల్ కూడా నవ్వాడు. తెల్లటి లాల్చీ మీద మరక పడనివ్వని మనిషి, మాట మీద కూడా పడనివ్వడు.

"ఏందమ్మా అనంతమ్మా, ఎండల వచ్చినవు. కూసో. చాయ్ తెప్పిస్త."

"చాయ్ ఇంట్ల తాగొచ్చిన పటేలా. మీరు పధ్నాలుగు అంటున్నరు గద. గది ఎట్లొచ్చిందో అందరికి ఇనబడేటట్టు చెప్పున్రి. అంతే."

పటేల్ సదాశివ వైపు చెయ్యి ఊపాడు, చెప్పెయ్ అన్నట్టు. సదాశివకు లెక్కలొచ్చు. లెక్కలొచ్చినవాడికి సిగ్గు కూడా రావాలని ఎక్కడా రాసిలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"పోయినేడు, అంటే మొన్న జూన్‌తోటి సరైన ఎనభై మూడు ఏడు, కంపెనీకి వచ్చిన లాభం లక్షా నలభై వేలు. మొత్తం షేర్లు లక్ష. అంటే షేరుకు రూపాయి నలభై పైసల లాభం. దాన్ని పది రెట్లు చేస్తే పధ్నాలుగు. గింతే. దేశమంత గిట్లనే కడ్తరు."

"పోయినేడు ఒక్కటే ఎందుకు వట్టుకున్నవు?"

"అన్నిట్ల కొత్త సంగతి అదే గదక్కా. పాత లాభాలు ఎప్పుడో తిన్నం, అరిగినయ్."

"అట్లనా. రెండేండ్ల కింద, ఎనభై ఒకటిల లాభం ఎంత?"

సదాశివ రిజిస్టరు పేజీ తిప్పాడు. అనంతమ్మే చెప్పింది.

"ఆరున్నర లక్షలు. నీ లెక్కనే షేరు అరవై ఐదు రూపాయలైతది. గా యాడాది కొంటమని ఎందుకు రాలేదుర మీరు? అదే మిల్లు, అదే గానుగ, అదే చెరకు. రెండేండ్లల్ల అరవై ఐదుది పధ్నాలుగెట్లైంది? మిల్లు గోడలేమన్న కూలినయా?"

"చక్కెర ధర పడ్డదమ్మా," అన్నాడు పటేల్, పసిపిల్లకు చెప్పినట్టు.

"పడ్డది. మల్ల లేస్తది. లేస్తదని మీకెరుక, గందుకే పడ్డ నాడు సంచి వట్టుకొని వచ్చిన్రు. అరవై ఐదు నిజమని నేనంటలేను పటేలా. అది మంచి ఏడు, గది జూటానే. పధ్నాలుగు చెడ్డ ఏడు, గిది గూడ జూటానే. ఒక్క ఏడు చూసి ధర కట్టుడే జూటా."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. 

"ఓరి సదాశివా, నాయిన మన వాగొడ్డు చెల్క కౌలుకిచ్చిన నాడు నువ్వు పక్కన్నే ఉన్నవు గదరా. జొన్నల కుప్పలు పోసింది నీ చేతులతోటే గదరా. నువ్వు మరిచినవా, మరిచినట్టు నౌకరి చేస్తున్నవా?"

ఆ కుప్పల సంగతి చెప్పాలి. ఆ దిక్కు పల్లెల్లో భూమిని పదీ పన్నెండేళ్లకు కౌలుకిచ్చేటప్పుడు పోయిన ఏటి పంట చూసి ఎవరూ ధర చెప్పరు. అల్లం పండే నేలలు అవి. అల్లం ఒక ఏడు మేడ కట్టిస్తుంది, మరుసటి ఏడు విత్తనం ఖర్చు కూడా ఇవ్వదు. అందుకని పదేళ్ల రాబడి అడుగుతారు. అదీ రూపాయల్లో కాదు. ఆ ఏడు వచ్చిన డబ్బుకు ఆ ఏటి ధరకు ఎన్ని సంచుల జొన్నలు వచ్చేవో లెక్క తీసి, ఏడుకో కుప్ప నేల మీద పోస్తారు. తర్వాత పదీ కలిపి ఒక్క కుప్ప చేసి, సోల గిన్నెతో పది సమాన భాగాలుగా కొలుస్తారు. ఒక భాగం ఎంత వస్తే అదే ఆ నేల సత్తా. చదువు రానివాడు కూడా కళ్లతో చూసి ఒప్పుకునే లెక్క అది. అందులో మోసం చేయాలంటే అందరి ముందూ జొన్నలు దొంగిలించాలి.

అనంతమ్మ జంపఖానా అంచు మడిచి, ఖాళీ గోనె సంచి పరిచి, మూట విప్పింది. కొంగులోంచి సోల తీసింది. ముందు వరుసలో ఉన్న నారమ్మ, బసమ్మ చెప్పకుండానే జరిగి చోటిచ్చారు.

"ఒక్క సోల అంటే వెయ్యి సంచుల జొన్నలు. అందరికి సమజైందా? డెబ్బై నాలుగు. కంపెనీ లాభం మూడు లక్షలు. గా ఏడు గంజిల జొన్నలు సంచికి నూరు. మూడు వేల సంచులు." మూడు సోలలు పోసింది.

"డెబ్బై ఐదు. లాభం నాలుగు లక్షల ఇరవై వేలు. యాదికున్నదా పటేలా? లాభం ఇంత పెరిగిందని మాకు లడ్డూలు పంచిన్రు. గా ఏడు జొన్నలు సంచికి నూట నలభై. లెక్క చెయ్యి సదాశివా, నీకొస్తది గద. ఎన్ని సంచులు?"

సదాశివ స్టాంపు ప్యాడును పక్కకు జరిపాడు.

"మూడు వేలే. డెబ్బై నాలుగుల ఎంతనో గంతే. ఒక్క గింజ పెరగలే. పెరిగింది రూపాయలు, లాభం కాదు. గా లడ్డూలు మా మోచేతులకు రాసిన బెల్లం." మళ్లీ మూడు సోలలు పోసింది.

హాల్లో గుసగుసలు లేచాయి. ఎనిమిదేళ్ల కిందటి లడ్డూలు ఒక్కొక్కరికి నోట్లో చేదుగా తగులుతున్నట్టున్నాయి. రైతును మోసం చేస్తే మరిచిపోతాడు. మోసం చేసి తియ్యటిది తినిపించావని తెలిస్తే మాత్రం మరిచిపోడు.

పటేల్ కుర్చీలో ముందుకు జరిగాడు. "అనంతమ్మా, చక్కెర మిల్లుకు జొన్నలతోటి ఏం పని? కంపెనీ లాభం రూపాయలల్ల వస్తది, రూపాయలల్లనే చూడాలె."

"పదేండ్లవి కలిపి రూపాయల్ల చూసినా వస్తది గద పటేలా, షేరుకు ముప్పై ఏడు," అన్నది ఆమె వెంటనే. "పీటర్ సారు గదే చెప్పిండు ముందు. గది గూడ మీరు చెప్పలే. అయినా గది తక్కువనే. డెబ్బై నాలుగుల రూపాయి, ఇయ్యాల రూపాయి ఒక్కటేనా? గప్పుడు నూరు రూపాయలకు సంచి జొన్నలు ఎత్తుకొచ్చిన. ఇయ్యాల నూట యాభై పెడ్తెగాని సంచి రాదు. గప్పటి రూపాయి బలిసిన ఎద్దు, ఇప్పటిది బక్క దూడ. రెండిట్ని ఒక్క కాడికి కట్టి దున్నుమంటె ఎట్ల? మనిషి కడుపుకు రూపాయి తెల్వది, జొన్నరొట్టె తెలుస్తది. గందుకే మా పెద్దలు దాంతోటి కొలిచిన్రు."

తర్వాత ఆమె ఎవరి మాటకూ ఆగలేదు. డెబ్బై ఆరుకు నాలుగు సోలలు. డెబ్బై ఏడుకు మూడున్నర, డెబ్బై ఎనిమిదికి మూడున్నర. డెబ్బై తొమ్మిది, చక్కెర ధర కుప్పకూలిన ఏడు, ఒకే ఒక్క సోల. ఎనభైకి నాలుగు. ఎనభై ఒకటికి అయిదు. ఎనభై రెండుకు నాలుగు. చివరికి పోయిన ఏడు, ఎనభై మూడు, లక్షా నలభై వేల లాభానికి సంచి నూట నలభై చొప్పున, మళ్లీ ఒక్క సోల.

"చూడున్రి," అన్నది లేచి నిలబడి. "గీ ఆఖరి కుప్పను చూపెట్టి, గిదే మీ మిల్లు అంటున్నరు వీళ్లు. తక్కిన తొమ్మిది కుప్పలు మీకు కనబడకుండ కుర్సీ ఏస్కొని కూసున్నరు."

రెండు చేతులతో పది కుప్పలనూ ఒకటిగా తోసింది. బసమ్మ సోల అందుకుని పది భాగాలుగా కొలవడం మొదలుపెట్టింది. అరవై ఇళ్లవాళ్లూ మోకాళ్ల మీద లేచి మెడలు చాచి చూస్తున్నారు. పటేల్ గడియారం చూసుకున్నాడు. భాగానికి మూడు సోలలు వచ్చి, పైన సోలలో అయిదోవంతు వచ్చింది.

"మూడు వేల రెండు వందల సంచులు. ఏడుకింత, పదేండ్ల మీద. మంచి ఏడు, చెడ్డ ఏడు అన్ని కలుపుకొని గీ మిల్లు సత్తా గిది. ఇయ్యాల ధర సంచికి నూట యాభై. నాలుగు లక్షల ఎనభై వేలు. షేరుకు నాలుగు రూపాయల ఎనభై. ఇగ పది రెట్లు. మీ పది రెట్లే పటేలా, నేను పదకొండు అనలే. ఎంతైతది? ఎంకన్నా, నువ్వు చెప్పు."

ఎంకయ్య తన బొటనవేలికి అంటిన నల్ల సిరా వైపు చూసుకున్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకుని అన్నాడు. "నలభై ఎనిమిది."

"నలభై ఎనిమిది!" అని నారమ్మ అరిచింది. "ఓ అయ్యో, పధ్నాలుగిచ్చి నలభై ఎనిమిది గుంజుకుంటున్నరా? మా నేలమీద మిల్లు కట్టి, మా చెరకు గేటుకాడ ఎండబెట్టి?"

ఎంకయ్య వేలిని ధోవతికి తుడుచుకున్నాడు. చేతిలో కాగితాలున్నవాళ్లు మడిచి రొంటిన దోపుకున్నారు. ఒకాయన, ముసలాయన, కాగితాన్ని నిలువునా చింపి బల్ల మీద పెట్టాడు. కోపమంటే అట్లా ఉంటుంది చూడండి. పధ్నాలుగేళ్లు పడుకున్నది పావుగంటలో లేచి నిలబడింది. అనంతమ్మకు అలసట తెలియలేదు. గెలిచాననుకున్నది.

జగన్‌మోహన్ పటేల్ మాత్రం కదల్లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక బక్కపలచటి మనిషిని వేలితో పిలిచాడు.

"చంద్రప్పా, జర ముందుకు రా."

చంద్రప్పది అనంతమ్మ ఇంటికి మూడో ఇల్లు. ఆమె భర్తకు చిన్ననాటి దోస్తు. ఈ రోజు ఆయనకు ఇక్కడ పనేం లేదు, చేతిలో షేర్లు లేవు. బండి తోలుకొచ్చి, లోపల లొల్లి విని వచ్చాడు.

"నీకు మూడు వందల షేర్లుండె గద. ఏమైనయ్?"

"అమ్మిన పటేలా."

సదాశివ ఉలిక్కిపడ్డాడు. "పటేలా, గిప్పుడు గా పాత ముచ్చటెందుకు, వదిలెయ్యున్రి," అన్నాడు గబగబా.  అక్క పరువు కోసం తమ్ముడు తల్లడిల్లుతున్నాడని చూసినవాళ్లు అనుకున్నారు. పటేల్ పట్టించుకోలేదు.

"ఎప్పుడమ్మినవు చంద్రప్పా?"

"డెబ్బై తొమ్మిదిల. మా ఇంటామెకు ఆపరేషన్ అంటె, హైద్రాబాద్ దవాఖానకు తోల్కపోవాలె. పైసలు లెవ్వు."

"ఎవలికమ్మినవు?"

చంద్రప్ప తలెత్తలేదు. "అనంతమ్మ వదినెకు."

"షేరు ఎంతకు?"

"తొమ్మిదికి."

 మడిచిన కాగితాలు రొంటిన దోపుకున్నవాళ్లంతా అనంతమ్మ వైపు చూశారు. 

"గా ఏడు లాభం తొంభై వేలు," అన్నాడు పటేల్ తాపీగా. "షేరుకు తొంభై పైసలు. పది రెట్లు తొమ్మిది. నా లెక్కనే గద అనంతమ్మా? గా నాడు నువ్వు జొన్నల కుప్పలు పోయలే. సోల తేలే. పీటర్ సారు కాడికి పోలే. ఇగ చెప్పు, గీ మందికి చెప్పు. తొమ్మిది న్యాయమైతె నా పధ్నాలుగు గూడ న్యాయమే. పధ్నాలుగు మోసమైతె నీ తొమ్మిది గూడ మోసమే. రెండిట్ల ఏది?"

చంద్రప్ప అప్పుడు తలెత్తాడు. ఆ కళ్లలో నీళ్లున్నాయి, నీళ్ల వెనక మంట ఉంది.

"చెప్పు వదినె. నేను నీ కాడికొచ్చినప్పుడు ఏమన్నవు? కంపెనీ మునుగుతున్నది చంద్రప్పా, తొమ్మిది ఇచ్చుడు గూడ నీ మొకం చూసి అన్నవు. నేను నీకు మొక్కిన. మొక్కి పోయిన. గిప్పుడేమొ పదేండ్లు చూడాలె, కుప్పలు పోయాలె అంటున్నవు. చెప్పేటియి శ్రీరంగ నీతులు."

 ఆ రోజున నాయిన పద్ధతి అనంతమ్మకు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. చంద్రప్ప వాకిట్లో నిలబడి ఉండగా, లోపల డబ్బా మూత తీస్తూ, ఇది తక్కువ ధర అని ఆమె మనసు చెప్పింది. చక్కెర మళ్లీ లేస్తుందని కూడా చెప్పింది. మొగుడు పోయి మూడు నెలలు కాలేదు, నా బతుకు నేను చూసుకోవద్దా అని మనసుకు జవాబు చెప్పి పైసలు లెక్కపెట్టి ఇచ్చింది. నాలుగేళ్లు దాన్ని తెలివి అనుకున్నది. ఇప్పుడు అదే తెలివి బల్ల వెనక కుర్చీలో కూర్చుని కనబడింది. పటేల్ మీద వచ్చిన కోపం ఎంతో, తన మీద తనకు అంతకు రెండింతలు వచ్చింది.

కాదు అనొచ్చు. అప్పుడు నాకేం తెలుసు అనొచ్చు. ఆడమనిషిని, మొగుడు పోయినదాన్ని అని ఏడవొచ్చు. పటేల్ ఎదురుచూస్తున్నది అదే. ఆమె ఒక్క అబద్ధం ఆడితే ఆ మడిచిన కాగితాలన్నీ రొంటిలోంచి బయటికి వస్తాయి.

"మోసమే," అన్నది అనంతమ్మ.

పటేల్ మొహంలో నవ్వు ఆగింది.

"తొమ్మిది మోసమే. చేసింది నేనే. ఆపతిల ఉన్న మనిషికి ఒక్క సోల కుప్ప చూపెట్టి పది కుప్పల ఆస్తి గుంజుకున్న. నాకెరుకనే గుంజుకున్న. చంద్రప్పా, నేను నీకు అప్పుడు జూటా చెప్పిన. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. కని పటేలా, నేను దొంగనైతె నువ్వు దొరవు కావు. నా తొమ్మిది మోసమని నేనే ఒప్పుకున్న. నీ పధ్నాలుగు మోసమని నువ్వెప్పుడు ఒప్పుకుంటవు?"

ఇందాకటి దాకా 'మీరు' అన్న నోటితోనే ఆమె 'నువ్వు' అన్నది. ఆ తేడా హాల్లో ప్రతి ఒక్కరికీ తెలిసింది.

"ఒప్పుకుంటె సరిపోతదా?" అన్నాడు చంద్రప్ప.

"సరిపోదు. నీ మూడు వందల షేర్లు నీకు వాపస్ ఇస్తున్న. గా పైసలు నీకు వీలైనప్పుడు ఇయ్యి, ఇయ్యకపోతె మానె. గిప్పుడే, గీ మంది ముంగట. సదాశివా, రిజిస్టర్ తియ్."

ఆ షేర్లు అనంతమ్మ పేరు మీద లేవు. కొన్ననాటికి భర్త పోయి కొత్త, ఆస్తి వారసురాలి పేరుకు మార్చే విరాసత్ కాలేదు, కాగితాల్లో ఆమె పేరు ఎక్కలేదు. అందుకని తమ్ముడి పేరు మీద రాయించింది. తమ్ముడి పేరైతే ఏమిటి, తన పేరైతే ఏమిటి అనుకున్న రోజులవి.

సదాశివ రిజిస్టరు తీయలేదు. రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చున్నాడు, దొంగకు తేలు కుట్టినట్టు.

"తియ్ రా. మూడు వందలు చంద్రప్ప పేరు మీద రాయి."

"అక్కా, ఇంటికాడ మాట్లాడుకుందాం."

"ఇంటికాడ మాట్లాడే ముచ్చట గిక్కడ బజాట్ల పడ్డది. ఇగ ఇల్లేంది? తియ్."

ఆమె చెయ్యి చాచి రిజిస్టరు లాగింది. అతను వదల్లేదు. అక్కాతమ్ముళ్ల మధ్య ఆ పుస్తకం అటూ ఇటూ ఊగింది. స్టాంపు ప్యాడు కింద పడి జంపఖానా మీద నల్లగా మరక అయింది.

"గవి లెవ్వక్కా," అన్నాడు సదాశివ.

"లెవ్వంటె?"

"అమ్మిన."

"నా షేర్లు నన్ను అడగకుంట అమ్మినవా? ఎవలికి?"

"బొంబాయోళ్లకు. పోయిన నెల వాళ్ల మనిషి వచ్చిండు గద, మిల్లు చూడనీకె. గప్పుడు."

జగన్‌మోహన్ పటేల్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. ఈ సంగతి ఆయనకూ తెలియదని ఆ మొహం చెప్తున్నది. "సదాశివా," అన్నాడు, "నోరు ముయ్. ఇంకొక్క మాట మాట్లాడినవంటె నౌకరి ఉండదు."

సదాశివ పటేల్ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. నౌకరి ఎటూ పోయిందని అర్థమైన మనిషి మొహం అది.

"ఎంతకమ్మినవురా?" అన్నది అనంతమ్మ. మాట గుసగుసలాగే వచ్చింది. అయినా అరవై ఇళ్లవాళ్లకూ వినబడింది.

"యాభైకి."

ఎవరూ అరవలేదు. అరిచే కోపం అయిపోయింది. ఎంకయ్య లేచాడు. బసమ్మ లేచింది. ఒకరి తర్వాత ఒకరు హాలంతా లేచి నిలబడింది. పటేల్ బల్ల మీది తన కాగితాలు పోగుచేసుకుని పక్క తలుపు వైపు అడుగేశాడు.

"నారమ్మా," అన్నది అనంతమ్మ, తమ్ముడి మీంచి కళ్లు తిప్పకుండా. "రెండు తలుపులకు గడియ పెట్టు. బొంబాయోళ్లు యాభై ఎట్ల లెక్క కట్టిన్రో, పటేల్‌కు వాళ్లు ఎంత ఇస్తమన్నరో తెలిసెదాక ఎవ్వలు బయటికి పోవద్దు."

నారమ్మ పోయి పెద్ద తలుపుకు గడియ పెట్టింది. పక్క తలుపు దగ్గరికి ఆమె వెళ్లేలోపే చంద్రప్ప వెళ్లాడు. గడియ వేసి, పటేల్‌కు ఎదురుగా తిరిగి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.